భాగం - 9: వానాకాలపు మేత - ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో పశుగ్రాసం ఎండబెట్టిన చరిత్ర

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
- పశ్చిమ కర్నూలు ప్రాంతంలో పంటల మార్పుకు, పశుగ్రాసం తడిసిపోయే సమస్యకు ఉన్న సంబంధాన్ని వివరించగలుగుతారు.
- కోసిన మేత ఎలా ఎండుతుందో, తడి వాతావరణంలో ఎందుకు ఆలస్యమవుతుందో చెప్పగలుగుతారు.
- మేతను త్వరగా ఎండబెట్టే యంత్రాల పుట్టుకను, ఈ నేలలో వాటి పరిమితులను చర్చించగలుగుతారు.
- మీ గ్రామంలో మేత చరిత్రను సేకరించడానికి తగిన ప్రశ్నలను తయారు చేసుకోగలుగుతారు.

9.1 విషయ ప్రవేశం

గత భాగాల్లో దత్త మండలాల భూమి శిస్తును, నీటి వనరులను, పత్తి వ్యాపారాన్ని గురించి చదివారు. వాటన్నిటి వెనుక ఒక జత ఎద్దులు ఉన్నాయి. దున్నింది అవి, గుంటక లాగింది అవి, పత్తి బోరాలను ఆదోని మార్కెట్టుకు చేర్చిందీ అవే. ఆ ఎద్దులు ఏం తిన్నాయన్న ప్రశ్న చరిత్ర పుస్తకాల్లో అరుదుగా కనిపిస్తుంది. దీనికి ఒక కారణం ఉంది. రెవెన్యూ లెక్కల్లో సాగు విస్తీర్ణం ఉంటుంది, శిస్తు ఉంటుంది, ధాన్యం ధర ఉంటుంది. రైతు పెరట్లో ఎన్ని బండ్ల చొప్ప ఉందో సాధారణంగా ఉండదు. చొప్పపై శిస్తు లేదు కాబట్టి దాన్ని లెక్కించాల్సిన అవసరం ప్రభుత్వానికి రాలేదు.

కోసిన మేతను వానలో ఎలా ఎండబెట్టాలి అన్నది చూడడానికి కేవలం సాంకేతిక సమస్యగా కనిపిస్తుంది. ఏ యంత్రం కొనాలి, ఎన్నిసార్లు తిరగేయాలి అన్నంతవరకే దాన్ని ఆలోచిస్తాం. కాని ఈ ప్రాంతంలో అది చరిత్ర తెచ్చిపెట్టిన సమస్య. ఇక్కడి రైతుకు ముఖ్యమైన మేత ఒకప్పుడు వానాకాలంలో కోతకు వచ్చేది కాదు. పంట మారింది, దానితోపాటు కోత నెల మారింది, మేత వానలోకి వచ్చిపడింది. ఈ భాగంలో మనం పరిశీలించే ప్రధానాంశం ఇదే.

9.2 నేల, వాన, పంటల కాలం

ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, నందవరం, గోనెగండ్ల మండలాలు కర్నూలు జిల్లా పడమటి అంచున ఉన్నాయి. ఆదోని తాలూకా 1800లో నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీకి వచ్చిన దత్త మండలాల్లో భాగం. తరువాత చాలాకాలం బళ్లారి జిల్లాలో ఉండి, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లాలో చేరింది. అందుకే ఇక్కడి వ్యవసాయ పదాల్లో తెలుగు, కన్నడం కలిసి ఉంటాయి. తొలకరికి వేసే పంట ముంగారి, ఆ తరువాతి వానలకు వేసే పంట హింగారి.

కర్నూలు జిల్లా సగటు వర్షపాతం సంవత్సరానికి సుమారు 670 మిల్లీమీటర్లు. అందులో ఎక్కువ వాన కురిసే నెల సెప్టెంబరు. ఈ ఒక్క విషయాన్ని గుర్తుంచుకుంటే మిగిలిన భాగమంతా సులభంగా అర్థమవుతుంది.

రెండో విషయం నేల. ఇక్కడ నల్లరేగడి విస్తారంగా ఉంది. ఈ నేల తడిని పట్టి ఉంచుతుంది. హింగారి జొన్నకు అదే వరం. శీతకాలంలో వాన లేకపోయినా నేలలోని పదనుతో పంట పండుతుంది. మేత ఎండబెట్టేవాడికి మాత్రం అదే గుణం శత్రువు. వాన వెలిసి ఎండ కాసినా కింద పరిచిన మేతకు నేల నుంచి తడి ఎక్కుతూనే ఉంటుంది. పైగా తడిసిన రేగడిలో బండి దిగితే చక్రం కూరుకుపోతుంది.

9.3 పాత పరిష్కారం: పొడి నెలలో కోత

హింగారి జొన్నను సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో విత్తి, పుష్య మాఘాల్లో, అంటే జనవరి, ఫిబ్రవరి ప్రాంతంలో కోస్తారు. అప్పటికి వానలు ఆగిపోయి ఉంటాయి. గాలిలో తేమ తక్కువ, ఆకాశం నిర్మలం. కొడవలితో కోసిన జొన్నను పనలుగా పరిచి కొన్ని రోజులు వదిలేస్తే, వెన్నులు కోసుకునేలోపు చొప్ప దానంతట అదే ఎండేది. ఎండబెట్టడం అన్నది విడిగా ఒక పనే కాదు.

ముంగారి పంటల మేతకు కొంత ఇబ్బంది లేకపోలేదు. కొర్ర కోత సెప్టెంబరు, అక్టోబరుల్లోనే వస్తుంది. కాని కొర్ర గడ్డి సన్నం. రెండు మూడు రోజులు తెరపి దొరికితే చాలు, ఎండిపోతుంది. లావు కాడ గల హింగారి జొన్న పొడి కాలానికి, సన్న కాడ గల కొర్ర తడి కాలానికి వచ్చేటట్లు ఉన్న ఈ పంటల క్రమాన్ని ఎవరో ఒకరు కూర్చుని రూపొందించలేదు. తరతరాల అనుభవంలో అది స్థిరపడింది.

ఎండిన చొప్పను కల్లం పక్కన వామి వేసేవారు. అడుగున రాళ్లో కంపో పరిచి, మొదళ్లు బయటికి, కొసలు లోపలికి ఉండేటట్లు పేర్చి, పైభాగాన్ని వాన జారిపోయే వాలుతో ముగించేవారు. బాగా ఎండిన చొప్పతో సరిగ్గా వేసిన వామి ఒకటి రెండు సంవత్సరాలకు పైగా నిలిచేది. ధాన్యానికి నేలలో తవ్విన పాతర ఎలాంటిదో, పశువులకు వామి అలాంటిది. రెండూ కరువుకు దాచుకున్న నిల్వలే.

ఆ నిల్వకు ఎంతటి విలువ ఉందో 1876-78 కరువు చూపించింది. 1876లో వానలు విఫలమయ్యాయి. మద్రాసు ప్రెసిడెన్సీలో తీవ్రంగా దెబ్బతిన్న జిల్లాల్లో బళ్లారి, కర్నూలు ముందున్నాయి. మనుషుల మరణాలతోపాటు పశువులు పెద్ద సంఖ్యలో చనిపోయాయి. తిరిగి వాన పడిన తరువాత కూడా దున్నడానికి ఎద్దులు కరువయ్యాయి. అంటే మేత లేకపోవడం వల్ల కలిగిన నష్టం ఆ ఒక్క సంవత్సరంతో ఆగలేదు. రైలు మార్గం 1871 నాటికే ఆదోని మీదుగా రాయచూరు చేరింది. ధాన్యం రైలులో వచ్చింది. చొప్ప మాత్రం బరువు తక్కువ, పరిమాణం ఎక్కువ ఉండే సరుకు. దాన్ని దూరం నుంచి తెచ్చి ఊరూరా అందించడం ధాన్యమంత తేలిక కాదు. మేత ఊళ్లోనే ఉండాలి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - 1
హింగారి జొన్న చొప్పను ఎండబెట్టడం రైతుకు ఎందుకు పెద్ద సమస్య కాలేదు? రెండు కారణాలు రాయండి.

9.4 వేరుశనగ రాక

20వ శతాబ్ది తొలి దశాబ్దాల నుంచి దత్త మండలాల్లో వేరుశనగ సాగు విస్తరించింది. రైలు, ఎగుమతి వ్యాపారం, నూనె మిల్లులు దీనికి తోడ్పడ్డాయి. పత్తి, నూనెగింజల వ్యాపారంతో ఆదోనికి 'రెండవ బొంబాయి' అనే పేరు వచ్చింది. రైతుకు చేతిలో రొక్కం కనిపించింది.

ఈ మార్పును మేత వైపు నుంచి చూడండి. పత్తి పొలంలో పశువుకు దక్కే గడ్డి దాదాపు ఉండదు. వేరుశనగలో మాత్రం కాయలు తీసిన తరువాత మిగిలే కట్టె మంచి మేత. జొన్న చొప్పతో పోలిస్తే అందులో మాంసకృత్తులు రెండింతలకు పైగా ఉంటాయి. పాడి పశువులు, గొర్రెలు ఇష్టంగా తింటాయి. కాబట్టి పైకి చూస్తే రైతు నష్టపోలేదు, ఒక మేత పోయి అంతకంటే బలమైన మేత వచ్చింది.

చిక్కు కోత నెలలో ఉంది. జూన్, జూలైలో విత్తిన వేరుశనగ సుమారు 100 నుంచి 110 రోజులకు పక్వానికి వస్తుంది. అంటే సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో పీకాలి. జిల్లాలో ఎక్కువ వాన పడే సమయం సరిగ్గా అదే. ఆగుదామంటే కాయ నేలలోనే మొలకెత్తుతుంది, ఊడలు తెగి కాయలు మట్టిలో ఉండిపోతాయి. పీకుదామంటే వాన. ఇంతకుముందు జనవరి ఎండలో తీరుబడిగా జరిగిన పని, ఇప్పుడు రెండు వానల మధ్య తెరపిలో పరుగెత్తి చేయవలసిన పని అయింది.

తడిసిన కట్టె ముందు నల్లబడుతుంది, తరువాత ఆకు రాలిపోతుంది, ఆ తరువాత బూజు పడుతుంది. బలమంతా ఆకులోనే ఉంటుంది కాబట్టి ఆకు పోయాక మిగిలేది పుల్ల. బూజు వల్ల కలిగే హాని ఇంకా పెద్దది. 1960లో ఇంగ్లండులో బూజు పట్టిన వేరుశనగ పిండి తిని లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయాయి. ఆ పరిశోధనల్లోనే అఫ్లాటాక్సిన్ అనే శిలీంద్ర విషం బయటపడింది. ఈ విషం మేత ద్వారా పశువులోకి, పాల ద్వారా మనిషిలోకి చేరగలదు.

9.5 మేత ఎలా ఎండుతుంది?

యంత్రాల చరిత్రలోకి వెళ్లేముందు ఒక చిన్న లెక్క చేద్దాం. అప్పుడే కోసిన పచ్చి మేతలో సుమారు 75 శాతం నీరు ఉంటుందనుకోండి. 1000 కిలోల మేతలో 750 కిలోలు నీరు, 250 కిలోలు పొడి పదార్థం. వామి వేయడానికి తేమ 15 శాతానికి దిగాలి. అప్పుడు మొత్తం బరువు సుమారు 294 కిలోలు ఉంటుంది. అంటే ఒక్క టన్ను పచ్చి మేత నుంచి దాదాపు 706 కిలోల నీరు గాలిలోకి పోవాలి. మేత ఎండబెట్టడం అంటే ఈ నీటిని పంపించడమే.

ఆ నీరు రెండు దశల్లో పోతుంది. మొదటి దశలో ఆకుల్లోని నీరు వేగంగా వెళ్లిపోతుంది. రెండో దశలో కాడ లోపలి నీరు బయటికి రావాలి. కాడపై మైనపు పొర ఉంటుంది, అందుకే ఈ దశ చాలా నెమ్మది. ఆకు ఎండి రాలిపోయే వేళకు కూడా కాడ పచ్చిగానే ఉండడానికి కారణం ఇదే.

పూర్తిగా ఎండకుండా వామి వేస్తే ఏమవుతుంది? సూక్ష్మజీవులు పెరిగి వామి లోపల వేడి పుడుతుంది. చేయి పెడితే చురుక్కుమంటుంది. వేడి మరీ పెరిగితే వామి తనంతట తానే అంటుకోవచ్చు కూడా.

నా చిన్నతనంలో ఆదోని దగ్గరి మా ఊళ్లో మా అవ్వ వామి వేయనిచ్చే ముందు పిడికెడు కట్టె తీసుకుని తాడులా మెలివేసేది. వేళ్లకు తడి తగిలినా, కాడ విరగకుండా వంగినా "ఇంకో పూట కానీయండిరా" అనేది. తేమ కొలిచే సాధనం మా ఇంట్లో అదొక్కటే. ఆ పరీక్ష ఇప్పటికీ పనికొస్తుంది.

ఈ వివరణ నుంచి నాలుగు సూత్రాలు తేలుతాయి. మేతను పలుచగా పరచాలి, గాలి ఆడేటట్లు తిరగేయాలి, నేలకు ఎత్తులో ఉంచాలి, కాడను నలగ్గొట్టి నీటికి దారి ఇవ్వాలి. ప్రపంచంలో వచ్చిన మేత యంత్రాలన్నీ ఈ నాలుగింటిలో ఏదో ఒకదాన్ని చేసేవే.

9.6 యంత్రాల పుట్టుక

తడి దేశాల్లోనే ఈ యంత్రాలు పుట్టడం సహజం. ఇంగ్లండులో వోబర్న్‌కు చెందిన రాబర్ట్ శాల్మన్ 1814 ప్రాంతంలో గుర్రం లాగే ఒక యంత్రాన్ని తయారు చేశాడు. తిరిగే చట్రానికి బిగించిన పళ్లు కోసిన గడ్డిని ఎగదోసి వదులుగా పరిచేవి. తరువాతి కాలంలో టెడ్డర్ అని పిలిచే యంత్రాలకు ఇది పూర్వరూపం. పరిచిన గడ్డిని వరుసలుగా పోగుచేసే రేక్ యంత్రాలు కూడా ఆ శతాబ్దిలోనే వ్యాపించాయి. 20వ శతాబ్దిలో రోలర్ల మధ్య కాడను నలిపే కండిషనర్లు వచ్చాయి. అమెరికాలో 1930ల నుంచి కొట్టంలో పేర్చిన గడ్డిలోకి ఫ్యాన్లతో గాలి పంపి ఎండబెట్టే ప్రయత్నాలు జరిగాయి. నార్వే, స్వీడన్ రైతులు మాత్రం ఏ యంత్రమూ లేకుండా గుంజలు పాతి, వాటి మధ్య తీగలు కట్టి, గడ్డిని బట్టలు ఆరేసినట్లు ఆరేసేవారు.

మన వైపు ఏం జరిగింది? 1860ల్లో మద్రాసు గవర్నర్ విలియం డెనిసన్ చొరవతో ఆవిరి నాగళ్లు, నూర్పిడి యంత్రాలు, మేత ముక్కలు చేసే యంత్రాలు ఇంగ్లండు నుంచి వచ్చాయి. వాటిని పరీక్షించడానికి సైదాపేటలో వ్యవసాయ క్షేత్రం ఏర్పడింది. వాటిలో చాలా యంత్రాలు రైతు పొలం వరకు రాలేదు. మేత కత్తిరించే చాఫ్ కట్టర్ ఒక్కటి మాత్రం కాలక్రమంలో పల్లె కొట్టాల్లో చోటు సంపాదించింది. అది చేత్తో తిప్పవచ్చు, నేల తడిగా ఉందా పొడిగా ఉందా అన్న పట్టింపు లేదు, పశువు వదిలేసే మొదళ్లను కూడా మేతగా మారుస్తుంది.

1906లో నంద్యాలలోను, బళ్లారి దగ్గర హగరిలోను వ్యవసాయ పరిశోధన క్షేత్రాలు మొదలయ్యాయి. 1930లలో హగరి మెట్ట సేద్యపు పరిశోధనకు ముఖ్య కేంద్రాల్లో ఒకటైంది. ఆ కేంద్రాలు ఎదుర్కొన్న ప్రధాన ప్రశ్న నేలలో పదనును ఎలా నిలపాలన్నది. మేతలోని తడిని ఎలా పంపాలన్నది కాదు. మెట్ట ప్రాంతపు ఆలోచన మొత్తం నీరు లేకపోవడం చుట్టూ తిరిగింది. నీరు ఎక్కువై పంట పాడయ్యే ఆ రెండు వారాలపై దృష్టి తక్కువగా పడింది.

9.7 కాలువ, వరిగడ్డి, కొత్త యంత్రాలు

1953లో తుంగభద్ర ఆనకట్ట నుంచి నీటి విడుదల మొదలైంది. దిగువ కాలువ ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలకు నీరు తెచ్చింది. కాలువ కింద వరి వచ్చింది, వరితో వరిగడ్డి వచ్చింది. వరి కోతలు నవంబరు, డిసెంబరుల్లో. అప్పటికి నైరుతి వానలు పోయినా బంగాళాఖాతపు తుపానుల ముసురు ఉంటుంది. అంటే మేత కోత జనవరి నుంచి రెండు వైపులా వానల దగ్గరికి జరిగింది. వేరుశనగతో ఒకసారి, వరితో మరోసారి.

ఎద్దుల స్థానంలో ట్రాక్టర్లు పెరిగాక యంత్రాలు కూడా వచ్చాయి. వేరుశనగను నేలలోంచి లేపే పరికరాలు, కాయను వేరుచేసే యంత్రాలు, వరికోత యంత్రాలు, గడ్డిని చుట్టలు చుట్టే బేలర్లు వాడుకలోకి వచ్చాయి. వీటిలో కాయను వేరుచేసే యంత్రం మేతకు చేసిన మేలు ప్రత్యేకంగా గమనించదగినది. చేత్తో కాయలు తెంపే రోజుల్లో కూలీలు దొరికేవరకు పీకిన చెట్లను కుప్పగా ఉంచేవారు. మేత కుళ్లిపోయేది ఎక్కువగా ఆ కుప్పలోనే. యంత్రంతో ఆ నిరీక్షణ తగ్గుతుంది, కట్టె త్వరగా విడుదలై పలుచగా పరచడానికి వీలవుతుంది. దీన్ని ఎవరూ మేత ఎండబెట్టే యంత్రం అని పిలవరు. ఫలితంలో మాత్రం అది అదే.

బేలర్ విషయంలో జాగ్రత్త అవసరం. ఎండని గడ్డిని బిగించి చుట్టితే చుట్ట మధ్యలో బూజు పడుతుంది, బయటికి కనిపించదు. చుట్టే ముందు రేక్‌తో ఒకసారి తిరగేసి, అడుగు గడ్డి కూడా ఆరిందో లేదో చూడాలి. వేరుశనగ కట్టెను యంత్రంతో తిరగేస్తే మరో ప్రమాదం. మధ్యాహ్నపు ఎండలో ఆకు పెళుసెక్కి రాలిపోతుంది. మంచు ఆరీ ఆరని పొద్దుటి పూట, నెమ్మదిగా తిప్పాలి.

అన్నిటికంటే పెద్ద పరిమితి నల్లరేగడిది. వాన పడిన మరునాడు యంత్రం అవసరం ఎక్కువ. ఆ రోజే ట్రాక్టరు పొలంలో దిగలేదు. ఐరోపాలో పచ్చిక నేల మీద తిరిగిన యంత్రం ఇక్కడి బురదలో కూరుకుపోతుంది. అందువల్ల చిన్న రైతుకు నిజంగా ఉపయోగపడిన సాధనాలు సాదాసీదావి: పొలం గట్టుకు, రాళ్ల దిబ్బకు మోసి పరచడం, కంప మీద లేదా కట్టెల పందిరి మీద ఆరబోయడం, వాన రాగానే కప్పి, వెలవగానే తీసే టార్పాలిన్ పట్ట. పట్టను తీయకుండా వదిలేస్తే లోపలి తడి లోపలే ఉండి మేత ముక్కిపోతుంది. కప్పడం ఎంత ముఖ్యమో తీయడమూ అంతే ముఖ్యం.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - 2
యంత్రాల అవసరం ఎక్కువగా ఉన్న రోజే వాటిని ఈ నేలలో వాడలేకపోవడానికి కారణం ఏమిటి?

9.8 2009: ఎండ, ఆ వెంటనే వరద

2009లో దేశమంతటా నైరుతి ఋతుపవనాలు బలహీనపడ్డాయి, వర్షపాతం సగటు కంటే 22 శాతం తగ్గింది. కర్నూలు రైతు ఆకాశం వైపు చూస్తుండగానే సెప్టెంబరు చివరి రోజుల్లో కుండపోత మొదలైంది. అక్టోబరు 2 నాటికి కర్నూలు నగరం, తుంగభద్ర ఒడ్డున మంత్రాలయం నీట మునిగాయి. వరద వార్తల్లో నగరం కనిపించింది. తేదీలను మరోసారి చూడండి. అది వేరుశనగ పీకే కాలం. పీకి కుప్పపెట్టిన చేలకు, ఒడ్డున ఉన్న వాములకు అంతకంటే చెడ్డ వారం మరొకటి లేదు.

మేత పోతే ఏమవుతుంది? మొదటి మెట్టులో రైతు మేత కొంటాడు. ఊరందరి మేత పోయింది కాబట్టి దాని ధర పెరుగుతుంది. రెండో మెట్టులో పశువును సంతకు తోలుతాడు. అందరూ తోలుతారు కాబట్టి పశువు ధర పడిపోతుంది. పుష్య మాసంలో జరిగే ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర పశువుల కొనుగోళ్లకు పేరు పొందింది. మేత ఉన్న ఏడు ఆ జాతరలో రైతు కొనేవాడు, మేత లేని ఏడు అమ్మేవాడు. మూడో మెట్టు సుగ్గి. కోసిగి, పెద్దకడబూరు వంటి మండలాల నుంచి కుటుంబాలు మిరప కోతలకు, పత్తి తీతలకు గుంటూరు వైపు వలసపోవడాన్ని ఇక్కడ సుగ్గికి పోవడం అంటారు. వలసకు కారణాలు అనేకం, మేత ఒక్కటే కాదు. అయితే కొట్టంలో పాలిచ్చే బర్రె ఉంటే ఇంట్లో ఒకరైనా ఊళ్లో ఆగుతారు, పిల్లలు బడికి పోతారు. బర్రె అమ్ముడుపోయిన ఇంటికి తాళం పడుతుంది. రెండు వారాల తడికి ఇంత దూరం సాగే పర్యవసానం ఉంది.

9.9 ఎండబెట్టకుండా దాచడం

వాన ఆగకపోతే ఎండబెట్టాలన్న పట్టుదలే వదులుకోవచ్చు. ఫ్రాన్సులో ఆగస్ట్ గోఫార్ పచ్చి మొక్కజొన్నను గాలి చొరకుండా గుంతల్లో తొక్కి నిల్వచేసే పద్ధతిపై 1877లో పుస్తకం ప్రచురించాడు. ఆ సంవత్సరమే బళ్లారి జిల్లాలో పశువులు మేత లేక చనిపోతున్నాయి. తరువాత తడి వాతావరణమున్న ఫిన్లాండ్‌లో ఆర్తూరి విర్తానెన్ ఈ నిల్వ పద్ధతిని మెరుగుపరచి, 1945లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి పొందాడు. తడిసే మేతను కాపాడడం నోబెల్ స్థాయి సమస్య అని దీన్నిబట్టి తెలుస్తుంది.

తెలుగులో ఈ మేతకు పాతర గడ్డి అని పేరు పెట్టారు. మన తాతలు జొన్నలు దాచిన పాతర పేరే దీనికీ వచ్చింది. పచ్చి జొన్న, మొక్కజొన్నలకు ఇది బాగా నప్పుతుంది. వేరుశనగ కట్టెకు అంతగా నప్పదు, అందులో పులియడానికి కావలసిన చక్కెర తక్కువ. కాబట్టి వేరుశనగ రైతుకు ఎండబెట్టే సమస్య ఇంకా మిగిలే ఉంది.

9.10 సారాంశం

పశ్చిమ కర్నూలులో మేత తడవడం వాతావరణం ఒక్కదాని వల్ల వచ్చిన సమస్య కాదు. సెప్టెంబరు వాన ఎప్పటినుంచో ఉంది. జొన్న కోత జనవరిలో ఉన్నంతకాలం ఆ వాన మేతను తాకలేదు. వేరుశనగ, ఆ తరువాత వరి కోతను వానల్లోకి తెచ్చాయి. యంత్రాలు కోతకు, వామికి మధ్య గడువును తగ్గించాయి గాని, నల్లరేగడి వాటికి హద్దు గీసింది. మేత పోతే పశువు, పశువు పోతే కుటుంబం ఊరు విడిచే వరుసను 2009 అనుభవం మన ముందుంచింది. కొంత పొలంలో జొన్నను నిలుపుకోవడం, కాయను త్వరగా వేరుచేయడం, నేలకు ఎత్తులో ఆరబెట్టడం, కుదిరిన పంటను పాతర వేయడం - ఈ నాలుగూ ఒకదానికొకటి తోడు. ఏ ఒక్కటీ తక్కిన మూడింటికి బదులు కాదు.

9.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది వాటికి 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. పంటల మార్పు పశుగ్రాస సమస్యకు ఎలా దారితీసిందో ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకుని చర్చించండి.
2. మేతను త్వరగా ఎండబెట్టే యంత్రాల చరిత్రను, నల్లరేగడి నేలల్లో వాటి పరిమితులను వివరించండి.

II. ఈ కింది వాటికి 10 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. 80 శాతం నీరున్న 500 కిలోల పచ్చి మేత 15 శాతం తేమకు ఎండితే బరువెంత? పోయిన నీరెంత?
2. పాతర గడ్డి అంటే ఏమిటి? అది ఏ పంటలకు అనువైనది?

III. క్షేత్ర అధ్యయనం
మీ ఊళ్లో 70 ఏళ్లు దాటిన ఇద్దరిని కలవండి. వారి చిన్నతనంలో ఇంటి వామిలో ఏ మేత ఉండేది, దాన్ని ఏ నెలలో కోసేవారు, ఎన్ని నెలలు వచ్చేది అని అడిగి, వారి మాటల్లోనే రాసుకోండి. రెవెన్యూ లెక్కల్లో లేని ఈ సమాచారం వారి జ్ఞాపకంలోనే ఉంది. మీ సంప్రదింపు తరగతికి ఆ నోటుపుస్తకాన్ని తీసుకురండి.